నాలుగో నీళ్లు

కరువు నాటి వంటల మీద పుస్తకం రాస్తున్నాను. తన చిన్నప్పుడు కరువులో తిన్న అడవి గడ్డలను తిప్పమ్మవ్వ నాకోసం ఉరవకొండ దగ్గరి తన పల్లెలో మళ్లీ వండుతోంది. "అప్పుడెట్లా చేసేవాళ్లో అట్లాగే చెయ్యవ్వా" అని ముందే చెప్పాను.

గడ్డలు ఒక పొంగు ఉడికాక నీళ్లు వంపేస్తూ "ఓబక్కా" అంది. కొత్త నీళ్లు పోసి మళ్లీ ఉడికించి వంపుతూ "మారన్నా" అంది. మూడోసారి "సుంకక్కా" అంది.

'నీళ్లు వంపేటప్పుడు ఊరి దేవతలను తలుచుకుంటారు' అని నోటుబుక్కులో రాసుకున్నాను.

గడ్డలు మెత్తగా ఉడికాయి. ఒక ముక్క తీసుకోబోతే అవ్వ నా చేతి మీద ఒక్కటిచ్చింది.

"ఏం తొందరమ్మా? ఇంగొగ నీళ్లు వంపేది ఉండాది."

నాలుగోసారి మాత్రం ఏమీ అనకుండా వంపింది.

"ఈసారి ఏ దేవతనూ పిలవలేదేం అవ్వా?"

"దేవతలు యాడుండారమ్మా? వాళ్లు మా అక్కలు, మా అన్న. ఎన్ని నీళ్లు వంపితే ఇసం పోతాదో అప్పుడు ఎవురికి తెలుసు? ఒగో నీళ్లకి ఒగరు తిని సూసినారు."

"పిల్లలా? మీ నాయన తినలేదా?"

"నాయన సచ్చిపోతే గడ్డలు తవ్వేదెవురు?"

నేను రాసుకున్న వాక్యం కొట్టేశాను.

అవ్వ ఒక ముక్కను ఊది చల్లార్చి నా చేతిలో పెట్టింది.

"నాలుగో నీళ్లకి నాయన నన్ను తినమన్నాడు. తినమ్మా, ఏం కాదు."