ఎనభై చుట్లు

"తప్పెక్కడుందో చూపించండి మాస్టారూ. చూపించందే కదలను."

జవాబు పేపరుని ఆమె బల్లమీద విసిరినంత పనిచేసింది. సైన్సు మాస్టారికి ఒళ్లు మండింది. పొద్దున్నుంచీ పిల్లల తల్లిదండ్రులతో వేగుతున్నాడు గాని, ఇలా మీదికొచ్చిన మనిషి ఈమే. మోటార్లకి తీగ చుట్టే వైండింగు షాపునుంచి అట్నించటే వచ్చినట్టుంది, వేళ్లనిండా వార్నిష్ మరకలు.

ప్రశ్న చిన్నదే. ఇనప మేకుకి ఎనభై చుట్లు తీగ చుట్టి కరెంటు పంపితే అయస్కాంతం అవుతుందా? అవుతుందని పుస్తకం. 'చుట్టే తీరునిబట్టి' అని జవాబు. మాస్టారు సున్నా చుట్టి, 'ఎవరో చెప్పింది రాసినట్టుంది' అని ఎర్రసిరాతో తగిలించాడు. ప్రైవేటుగా పరీక్షకి కట్టినవాళ్ల పేపరు, నంబరే తప్ప పేరుండదు. రెండు మార్కుల తేడాతో తప్పింది. ఈ ముందు పరీక్ష తప్పితే అసలు పరీక్షకి పంపరు.

"మీరు చెప్పారు, మీ అమ్మాయి రాసింది. అంతేగా?" అన్నాడు.

ఆమె మొహం జేవురించింది. "ఎవరూ చెప్పలేదు. సున్నా వేస్తే పడతాను. దొంగతనం అంటగడితే మాత్రం ఊరుకోను. మేకు తీయండి."

పీడ వదుల్తుందని ఆయన మేకుకి ప్లాస్టిక్ తొడుగు తీగ ఎనభై చుట్లు చుట్టి బ్యాటరీకి కలిపాడు. గుండుసూదులు గుత్తిగా అంటుకున్నాయి. చాలా, అన్నట్టు చూశాడు.

ఆమె ఇంకో మేకు అందుకుంది. నలభై చుట్లు కుడికి చుట్టి, అదే తీగని వెనక్కి తిప్పి, వాటిమీదే నలభై ఎడమకి చుట్టింది. అదే బ్యాటరీ, అవే సూదులు. ఒక్కటీ కదల్లేదు.

"ఈ నలభై చేసింది ఆ నలభై చెరిపేస్తాయి. ఇలా చుట్టిన మోటారు తిరగదు, గుయ్యిమని మాడుతుంది. పుస్తకం రాసినాయన ఒక్కటన్నా తన చేత్తో చుట్టాడా?"

మాస్టారు తీగ కొసలు గీకి మళ్లీ కలిపాడు. తీగ వేడెక్కిందే గాని సూది లేవలేదు. ఆయన కోపం ఎటుపోయిందో పోయింది, చెవులు మాత్రం కాలుతూనే ఉన్నాయి. ఎర్రరాతని అడ్డంగా కొట్టేసి రెండు మార్కులు వేశాడు.

"దిద్దినచోట రాసినవాళ్ల సంతకం కావాలి. మీ అమ్మాయి బయటుంటే పిలవండమ్మా," అన్నాడు నెమ్మదిగా.

ఆమె పెన్ను లాక్కుని, అక్కడ తన పేరు రాసింది.