కుదిరిన గీత

తెర మీద రెండు గీతలూ ఒకదాని మీద ఒకటి సరిగ్గా కూర్చున్నాయి. వెంట్రుకవాసి తేడా లేదు. అది చూసి అక్క ముఖం మాడ్చుకుంది.

ఆల్కహాల్ ద్రవంలోకి లేజర్ పంపి, ఎంత కాంతి చెదిరిందో కొలవడం ఆమె పని. ఆ ద్రవంలో అణువులు ఒకదాన్నొకటి ఎలా లాక్కుంటాయో కంప్యూటర్‌లో నడిపి, ఎంత చెదరాలో లెక్కగట్టడం నా పని. నిన్న ఆమె ఇచ్చిన కొలతల గీతతో, మూడేళ్ల తర్వాత, నా లెక్క గీత కుదిరింది.

"లెక్క కుదరాలని అణువుల మధ్య బలాన్ని ఏమైనా సర్దావా?" అంది.

నాకు ఒళ్లు మండింది. "లేదు! ఆల్కహాల్‌కి ఎంత ఉండాలో అంతే పెట్టాను. కుదరనన్నాళ్లూ అయ్యో పాపం అన్నావు. ఇప్పుడు కుదిరితే నీ సొమ్మేం పోయింది?"

"నా మీద ఒట్టా?"

"ఒట్టే! నీదంతా కడుపుమంట. మన రీసెర్చ్ పేపర్లోంచి నీ పేరు తీసేస్తా, పో!" బల్ల గుద్దాను.

అక్క నాకంటే గట్టిగా అరిచింది. "తీసెయ్‌రా! నిన్న నేను పొరపాటున సీసా మార్చేశాను. ఆ కొలతలు పారెయ్యమని చెప్పడానికే పరిగెత్తుకొచ్చాను. నేను కొలిచింది ఆల్కహాల్ కాదు, ఉత్త నీళ్లు!"

తెర మీద గీతలు అలాగే ఉన్నాయి. వెంట్రుకవాసి తేడా లేదు.