దొరగారి తోరణం

"సాసి, సాసి" అని మా సముద్రానికి కాపలా ఉండే యోసినా ఒడ్డునుంచి కేకేస్తుంటే, యాట్ మీది ప్యాట్రిక్ దొర నవ్వుతూ సాస్ సీసా ఎత్తి చూపించాడు.

ఆమె చూపు సీసా మీద లేదు. నీళ్లలోని శంఖాల దిబ్బకెదురుగా ఒడ్డున గుంజకు మేం కట్టిన లేత కొబ్బరాకుల తోరణం ఇప్పుడు అతని తెరచాప కొయ్యకు వేలాడుతోంది.

దొర చిన్న పడవలో ఒడ్డుకొచ్చి, వచ్చీరాని మా భాషలో అన్నాడు: "స్వాగతం బాగుంది. నాలుగు శంఖాలు ఏరుకుంటాను."

"అతిథి కదా, పోనీలే అక్కా," అని ఇసుకలో కూర్చున్న ఊరిపెద్ద ఎలియాస్ గొణిగాడు.

"అమ్మి చర్చికి కప్పు వేయిద్దామని దాచిన శంఖాలవి. నీ తమ్ముడు ఒక్కటి తీసినందుకే ఊరందరి ముందూ నిలబెట్టావు పెద్దా. తెల్లతోలుకి వేరే తీర్పా?"

ఎలియాస్ తల దించుకున్నాడు. యోసినా దొర వైపు తిరిగింది.

"అది రమ్మనే తోరణం కాదయ్యా, ముట్టొద్దనే ఆకు. సాసి అంటే అదే. పాదిరి ప్రార్థన చేసి విప్పేదాకా అది కట్టినదాన్ని సొంతదారు కూడా తాకకూడదు. దిబ్బ ఎలాగూ మూసే ఉంది. ఆకు నువ్వే కట్టుకున్నావు, ఇప్పుడు నీ పడవా మూతపడింది."

"నా పడవా? నా తిండీ, పక్కా అందులోనే ఉన్నాయి."

"నీ సాస్‌కీ సాసే. ఆదివారం దాకా మా ఇంట్లో సగ్గుజావ తిను."

దొర నవ్వి, తనతో నవ్వేవాళ్ల కోసం చుట్టూ చేరిన ఊరివాళ్లను చూశాడు. ఎవరూ నవ్వలేదు.

ఎలియాస్ లేచాడు. దొర చిన్న పడవ తాడు అందుకుని, ఆకు ఊడిన మా గుంజకే రెండు ముడులు వేసి కట్టేశాడు.

"అక్క చెప్పింది విన్నారుగా," అన్నాడు ఊరందరితో, "దొరగారితో సహా."