గుమ్మం వైపు చూపు

లేజర్ ల్యాబులో పనిచేసే మా అమ్మాయి నిలోఫర్ సెలవు మీద ఏలూరు వచ్చింది. మగ్గం దగ్గర నా ఎదురుగా కూర్చుని, మాట్లాడినంతసేపూ పక్కనున్న గుమ్మం వైపే చూస్తోంది.

"సైంటిస్టు గారికి తివాచీలు నేసేవాళ్ళం కంటికి ఆనట్లేదు లెండి," అంది మా ఆవిడ.

నేను లేచి, పిల్ల చూపు పడేచోట గుమ్మంలో కూర్చున్నాను.

"అక్కడొద్దు అబ్బాజాన్, మాయమైపోతున్నారు."

"అదేంటమ్మా?"

"ల్యాబులో లేజర్‌ని ఆపే కళ్ళజోడు సర్దుకుందామని తీశాను. అద్దం మీంచి కిరణం తిరిగొచ్చి రెండు కళ్ళలోనూ చూపు నడిభాగాన్ని కాల్చేసింది. సూటిగా చూస్తే ఏదీ కనపడదు. కాస్త పక్కకి చూస్తేనే కనిపిస్తుంది."

నేను మళ్ళీ మగ్గం దగ్గరికొచ్చి కూర్చున్నాను.

నిలోఫర్ గుమ్మం వైపే చూస్తూ, "మీ గడ్డం బాగా తెల్లబడిపోయింది అబ్బాజాన్," అంది.