పక్కమనిషి

స్టూడియోకి మనుషులు రావడం మానేసి చాలాకాలమైంది. పాస్‌పోర్టు ఫొటో కోసం ఎవరైనా మెట్లెక్కి వస్తే ఫొటోగ్రాఫర్ లేచి లైట్లు వేసేవాడు. వాళ్ళు వెళ్ళగానే కరెంటు దండగని ఆర్పేసేవాడు.

పాప కాలేజీలో చేరాల్సిన ఏడాది అది. ఆ చదువు సంగతి మాట్లాడుకోవడానికి కూర్చున్నప్పుడు, ఆన్‌లైన్‌లో ఏదైనా చేద్దామని మొదట అన్నది పాప తల్లే.

"దగ్గర్లో ఉన్న కాలేజీ దానికి నచ్చదట. అంతా నీ మొండితనమే," అన్నాడతను.

"మీ బద్ధకం రాలేదు, సంతోషించండి."

కప్పుల మీద ఫొటోలు వేశారు. దిండు గలీబుల మీద వేశారు. పాత నలుపు తెలుపు ఫొటోలకి రంగులద్దారు. ఆ పనులు చేసేవాళ్ళు అప్పటికే వీధికొకరున్నారు. వచ్చిన ఒక్క కప్పు ఆర్డరూ దారిలో పగిలి వెనక్కొచ్చింది.

"అందరికీ పనికొచ్చేది మనం అమ్మలేం," అందామె ఆ పెంకుల్ని చెత్తబుట్టలో వేస్తూ. "కొద్దిమందికి కావాల్సిందే చూసుకోవాలి. కానీ వాళ్ళకి మనం తప్ప ఇంకో దిక్కుండకూడదు."

"అలాంటివాళ్ళు ఎక్కడ దొరుకుతారు?"

మర్నాడు ఆమె ఒక పెళ్లి ఆల్బం తెచ్చి బల్లమీద పెట్టింది. అందులోంచి ఒక ఫొటో తీసింది. పెళ్లికూతురికి ఒకపక్క ఆమె తండ్రి. పోయిన మనిషి. అంత హాయిగా నవ్విన ఫొటో ఆయనది ఇంకొకటి లేదు. రెండోపక్క పెళ్లికొడుకు.

"నాన్న ఫొటో గోడకి పెట్టుకోవాలి. ఈ పక్కనున్న మనిషి వద్దు. తీసెయ్యడం కుదురుతుందా?" అడిగిందామె.

ఫొటోగ్రాఫర్ చాలాసేపు ఆ ఫొటోనే చూశాడు.

"కుదురుతుంది," అన్నాడు.

కొత్త పని. చాలా రోజులు పట్టింది. మనిషైతే పోయాడు గానీ అతని చెయ్యి పెళ్లికూతురి భుజంమీద ఉండిపోయింది. ఒక్కో వేలూ చెరిపి, ఆ కింద బట్టమీది పువ్వుల్ని మళ్ళీ గీయాల్సివచ్చింది.

అలా మొదలైంది. 'పక్కమనిషిని తీసేస్తాం' అని ఆమె ఒక ప్రకటన రాసి నెట్‌లో పెట్టింది. వారం తిరక్కుండా ఫోను మోగింది. ఆ తర్వాత ఆగలేదు. ఒకాయన చెల్లెలు అందంగా పడింది ఆయన పెళ్లి ఫొటోలోనేనట, పక్కనేమో మాజీ భార్య. ఒకావిడకి ఎవరితోనూ పనిలేదు, ఆ రోజు తను ఎలా ఉందో మళ్ళీ చూసుకోవాలి, అంతే. విడాకులు తీసుకున్నవాళ్ళు ఇంతమంది ఉన్నారా అని అతను విస్తుపోయాడు.

ఫోన్లన్నీ ఆమె చూసుకునేది. ఏడ్చేవాళ్ళని ఏడవనిచ్చేది. వాళ్ళు ముక్కు తుడుచుకున్నాకే రేటు చెప్పేది. పని పూర్తికాగానే అసలు ఫొటోలు చెరిపేస్తామని హామీ ఇచ్చేది. అతను కళ్ళు మండేదాకా తెరకి అతుక్కుపోయి మనుషుల్ని తీసేస్తూ ఉండేవాడు.

"పెళ్లిళ్ళు తీసినన్నాళ్ళూ అద్దె కట్టలేకపోయాను. చెరపడం మొదలెట్టాక కొత్త కుర్చీ కొన్నాను," అనేవాడు.

"కొన్నది నేను. బీపీ మాత్ర వేసుకున్నారా?"

కింద కొత్తగా మందుల షాపు పెట్టినాయన మాత్రలు పైకి తెచ్చి ఇస్తూ, "మీరిద్దరూ భలే కుదిరారండీ. మా ఇంట్లో అయితే గంట కూర్చుంటే గొడవే," అన్నాడోసారి. ఇద్దరూ నవ్వి ఊరుకున్నారు.

ఒక సాయంత్రం, ఏడాది కిందట పని చేయించుకున్న నర్సు ఫోన్ చేసింది. పాప తల్లి స్పీకర్ ఆన్ చేసింది.

"తీసేసినాయన్ని మళ్ళీ పెట్టగలరాండీ?" అడిగింది నర్సు. "కలిసిపోయాం. ఒకే ఇంట్లో ఉంటున్నాం. పాతవన్నీ అప్పుడే పారేశాను, ఆల్బం తెరిస్తే ఆయన ఎక్కడా లేడు. సిగ్గుగా ఉంది."

"అయ్యో, అసలు ఫొటోలు అప్పుడే చెరిపేశామండీ. మాటిచ్చాం కదా..."

ఫొటోగ్రాఫర్ చెయ్యి అడ్డంగా ఊపాడు.

"ఉన్నాయి," అన్నాడు మెల్లిగా.

ఆమె నర్సుకి మళ్ళీ చేస్తానని చెప్పి ఫోన్ పెట్టేసింది.

"చెరపలేదా?"

"లేదు."

"ఈవిడవి మాత్రమేనా?"

"ఎవరివీ చెరపలేదు."

"మొదటినించీనా?"

"మొదటినించీ. తప్పే. తీసేసిన మనిషి ఎక్కడో ఒకచోట ఉండాలి కదా అనిపించింది."

ఆమె కాసేపు కీబోర్డు మీది దుమ్ము వేలితో తుడుస్తూ కూర్చుంది. తిడుతుందనుకున్నాడు. తిట్టలేదు.

"దీనికెంత తీసుకుందాం?" అంది చివరికి.

"దీనికి వద్దులే."

"ఊరికే చేస్తే అందరూ అదే అడుగుతారు. తీసెయ్యడానికో రేటు, తిరిగి పెట్టడానికో రేటు. ఈ పని చేసేవాళ్ళు కూడా ఇంకెవరూ లేరు."

"సగం తీసుకో."

"సరే, సగం."

అతను అసలు ఫొటోలోంచి నర్సు భర్తని వెతికి పట్టుకుని, అప్పట్లో రంగులు కూడా బాగుచేసిచ్చిన ఫొటోలో మళ్ళీ ఆవిడ పక్కన నిలబెట్టాడు. ఈసారి చెయ్యి చెరపాల్సిన పనిలేదు. ఎంతోసేపు పట్టలేదు. ఆమె కుర్చీ వెనక నిలబడి చూసింది.

"భుజం దగ్గర కొంచెం ఎడం కనిపిస్తోంది," అంది.

అతను సరిచేశాడు. ఇద్దరూ ఒకేసారి ఆవులించారు.

"పాప రాత్రికి ఫోన్ చేస్తానంది. నిద్రపోకుండా ఎత్తండి," అంటూ ఆమె బల్ల సర్దసాగింది.

కింద వీధిలో హారన్ రెండుసార్లు మోగేసరికి, "మా ఆయన వచ్చేశారు, మిగతావి రేపు చూద్దాం," అంటూ ఆమె సంచి తీసుకుని మెట్లు దిగింది.