పక్క గది స్విచ్

“ఈ ఇల్లు వద్దు. ఖాళీ చేసెయ్యండి,” అన్నాడు నాన్న, స్క్రూడ్రైవర్ సంచిలోంచి తీయకుండానే.

ముప్పై ఏళ్ళుగా ఇళ్ళకు కరెంటు పని చేస్తున్న మనిషి. ఎంత పాడుపడ్డ బోర్డునైనా విప్పి చూడకుండా వదిలిపెట్టినవాడు కాదు. అలాంటిది, కూతురు అద్దెకు దిగిన ఇంట్లో గుమ్మం దాటి నాలుగడుగులు వేశాడో లేదో, గోడకేసి చూసి ఆ మాట అనేశాడు.

ఆమెకు ఒళ్ళు మండింది. భర్తతో కలిసి ఆ ఇంట్లో దిగి పది రోజులైంది. పది రోజులుగా నాన్నకు ఫోన్ చేస్తూనే ఉంది, ఈ స్విచ్చుల వరస ఏమిటో అర్థం కావడం లేదు, వచ్చి చూడమని. వంటింటి లైటనుకుని నొక్కితే బాత్‌రూమ్‌లో లైటు ఆరిపోతుంది. తలకు సబ్బు పట్టించుకున్న మొగుడు చీకట్లోంచి కేకలు పెట్టడం అప్పుడే రెండుసార్లయింది.

“వైరింగ్ బాగాలేకపోతే బాగుచెయ్యి. ఇల్లు మారమంటావేంటి?”

“నా మాట విను. ఇంకో ఇల్లు నేను చూసిపెడతాను.”

కారణం చెప్పమంది. నాన్న చెప్పలేదు. ఎక్కడో పనుందంటూ సంచి భుజాన వేసుకుని, చెప్పుల్లో కాళ్ళు దూర్చి వెళ్ళిపోయాడు.

అప్పుడే మేడ మీది నుంచి ఇంటావిడ దిగివస్తోంది. గేటు దాటుతున్న నాన్నను కళ్ళద్దాలు సర్దుకుని మరీ చూసింది.

“ఇతన్నెక్కడ పట్టుకున్నారమ్మా? ఇంట్లో వైరింగంతా చేసింది ఇతనే.”

‘మా నాన్న’ అని చెప్పబోయి ఆమె ఆగిపోయింది. ఇంటావిడకు అడిగేవాళ్ళు అక్కర్లేదు. మెట్టు మీద చతికిలబడి చెప్పుకొచ్చింది. ఇరవై ఆరేళ్ళ కిందట ఈ వాటాలో ఒక ఫొటోగ్రాఫరూ అతని భార్యా ఉండేవారట. ఆ అమ్మాయికి చీకటంటే చచ్చేంత భయమట. చీకటి గదిలో కాలు పెట్టి స్విచ్ వెతుక్కోవాలంటే వణికిపోయేదట. అందుకని ఇతను, ఏ గది లైటుకు స్విచ్ ఆ గదికి ముందున్న గదిలో పెట్టాడట. హాల్లో నుంచుని పడగ్గదిలో లైటు వేసుకోవచ్చు, పడగ్గదిలోంచి వంటింట్లో, వంటింట్లోంచి బాత్‌రూమ్‌లో. వెలుతురు ముందు, ఆ అమ్మాయి వెనక.

“మంచి పనే చేశాడుగా,” అంది ఆమె.

ఇంటావిడ గొంతు తగ్గించింది. “మంచిదే. కానీ ఫొటోగ్రాఫరు స్టూడియోకి వెళ్ళాకే వచ్చేవాడమ్మా. రెండు రోజుల పని నెల రోజులు చేశాడు. పని అయిపోయాక కూడా వచ్చి ఆ గుమ్మం బయట కూర్చునేవాడు. లోపల ఆ అమ్మాయి ఒకటే ఏడుపు. ఇంకొకడి పెళ్ళాంతో ఇతనికేం పని? చివరికి ఒకరోజు మధ్యాహ్నం కట్టుబట్టలతో ఇతని సైకిలెక్కి వెళ్ళిపోయింది. పాపం, ఆ ఫొటోగ్రాఫరు పిచ్చివాడిలా తిరిగాడు.”

ఇంటావిడ పైకి వెళ్ళాక ఆమె ఒక్కో స్విచ్ నొక్కుతూ గది గదీ తిరిగింది. అంతా చెప్పినట్టే ఉంది. పది రోజులుగా తాగుబోతు పనిలా కనిపించినది, ఎవరో ఒక మనిషి అడుగులు లెక్కపెట్టి మరీ చేసిన పని. పుట్టింట్లో అమ్మ వంటింటికి రెండో లైటు పెట్టమని మూడేళ్ళుగా అడుగుతోంది. నాన్న ఆదివారం చూద్దామంటాడు. ఆ ఆదివారం ఇంతవరకూ రాలేదు.

నాన్నకు ఫోన్ చేసి, ఇంటావిడ చెప్పింది నిజమేనా అని అడిగింది.

“నిజమే,” అన్నాడు. “అమ్మ దగ్గర మాత్రం ఎత్తకు.”

ఆమె ఫోన్ పెట్టేసింది. చిన్నప్పుడు ఫ్యూజు కట్టడం నేర్పుతూ, కరెంటు దగ్గరా మనుషుల దగ్గరా దొంగతనం పనికిరాదని చెప్పిన మనిషి ఇతనేనా అనిపించింది. కాదని ఒక్క అబద్ధమాడినా నమ్మేసేది. అదీ ఆడలేదు.

సాయంత్రం దాకా ఆగలేకపోయింది. నాన్న పనిలో ఉండే వేళ చూసుకుని పుట్టింటికి వెళ్ళింది. అమ్మ మంచం మీద ఉతికిన బట్టలు మడతపెడుతోంది. ఆమె నిలబడే ఉండి, మొదటి నుంచీ చివరిదాకా చెప్పేసింది. చెప్పకపోతే తనూ అమ్మను మోసం చేసినట్టేనంది.

“ఇంకొకడి పెళ్ళాం కోసం నెల రోజులు ఆ గుమ్మంలో పడున్నాడటమ్మా. ఆ సమయంలో మనిద్దరం ఇక్కడ ఏం తింటున్నామో, ఎలా ఉన్నామో అతనికి పట్టిందా?”

అమ్మ చేతుల్లో నాన్న చొక్కా సగం మడతలో ఆగింది.

“ఆయన్ని అడిగావా?”

“అడిగాను. నిజమేనన్నాడు. నీ దగ్గర ఎత్తొద్దన్నాడు.”

అమ్మ ఆ చొక్కా ఒళ్ళో పెట్టుకుని, కూతురి మొహం చూడలేక కిటికీలోంచి వీధికేసి చూసింది.

“ఇంకొకడి పెళ్ళాం కోసం కాదే. తన పెళ్ళాన్ని ఇంటికి తెచ్చుకోవడానికి వచ్చేవారు,” అంది. “అప్పటికి నీకు రెండేళ్ళు.”