గడ్డం పెట్టుకున్న రౌతు

మా ఊరి దగ్గర తీసిన యుద్ధం సినిమాలో కోసేసిన సీన్లన్నీ మళ్లీ కలిపిన డిస్కులు మా ఊరు ట్వైజెల్‌కు వచ్చిన రోజే మా నాన్న ఫర్గస్ కొనుక్కొచ్చాడు.

“నీ మొహం చూడ్డానికి నాలుగు గంటలు కూర్చోవాలా?” అన్నాను.

“కూర్చోకపోతే పో.”

ఆ సినిమా యుద్ధంలో మా గుర్రమెక్కింది తనేనని ఊరంతా చెప్పుకున్నాడు. తీరా థియేటర్లో ఆ ముక్కే లేదు. పబ్బులో ఆయన్ని ‘కనపడని వీరుడు’ అని ఏడిపించారు. నాకు తల కొట్టేసినట్టయింది. అమ్మ చనిపోయిన ఏడాది కూడా ఈయనకు ఆ సినిమా గోలే.

మూడో గంటలో మా బూడిదరంగు గుర్రం కనిపించింది. మీద శిరస్త్రాణం, బారెడు గడ్డంతో ఒక రౌతు. బాణంలా దూసుకొచ్చాడు.

“ఎంత అబద్ధాలకోరువి! అది నువ్వు కాదు. గుర్రమెక్కితే నువ్వు ఉన్ని మూటలా దొర్లుతావు.”

“అవును, నేను కాదు. మొదటిరోజే పడ్డాను. పొమ్మన్నారు.”

“మరి వాడెవడు?”

నాన్న ఆ సీను వెనక్కి తిప్పాడు. “నోరు మూసుకుని ఆ చెయ్యి చూడు.”

దూకించే ముందు రౌతు వంగి, ఎడమచేత్తో గుర్రం చెవి మెల్లగా పిండాడు. రోజూ పొద్దున గేటు దగ్గర అమ్మ అలాగే పిండేది.

“నాకిచ్చిన పెట్టుడు గడ్డం అతికించుకుని తనే వెళ్లింది. నేను పడ్డానని ఎవరికీ చెప్పొద్దని ఒట్టేయించుకుంది,” అన్నాడు నాన్న. “ఇంట్లో ఉన్నవన్నీ ఫోటోలేరా. తను కదిలేది ఇందులోనే.”

“రిమోట్ ఇటివ్వు,” అన్నాను, ఇంకా కోపంగానే.

మళ్లీ వెనక్కి తిప్పాను.